ఏడో పెట్టె

ఫిబ్రవరి 3

పిన్నీ,

ముప్పై ఏళ్లకు పైగా అడగాలనుకుంటూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరంతో నెలరోజులు మంచం పట్టాను కదా. నువ్వు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ దిగి, తిన్నగా మా ఇంటికొచ్చి నాతో అక్షరాలాట ఆడేదానివి. ఒక పెద్ద ఇంగ్లీషు మాట రాసి, అందులోంచి చిన్న మాటలు ఎవరు ఎక్కువ తీస్తే వాళ్లు గెలిచినట్టు. నేనేమో నాలుగో క్లాసు పిల్లని. అయినా సగంసార్లు నేనే గెలిచాను. నిజంగా గెలిచానా, నువ్వు కావాలని ఓడిపోయావా?

ఇప్పుడెందుకు అంటావు. నిన్న పేపరు ఆఫీసు నుంచి ఆదివారం పేజీ చూసే అమ్మాయి ఫోన్ చేసి, నీ గురించి అడిగింది. పంతొమ్మిదేళ్లుగా వారం వారం తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు గళ్లలో పేర్చి పజిలు ఇస్తున్నారు, వాటిలోంచి మధ్య గడి అక్షరంతో వచ్చే మాటలన్నీ ఆవిడ కంప్యూటర్ లేకుండా ఎలా పట్టుకుంటారు అని. నీ అట్టపెట్టెల సంగతి చెప్పాను. చెప్పుల కొట్టు నుంచి తెచ్చుకున్న ఏడు షూ పెట్టెలు, వాటి నిండా కార్డులు. ప్రతి మాటలోని అక్షరాలనీ ఏ నుంచి జెడ్ వరుసలో పేర్చి కార్డు నెత్తి మీద రాస్తావని, ఆ వరుసలో మొదటి అక్షరం ఏదైతే ఆ పెట్టెలోకి పోతుందని. 'ఏ' ఉన్న మాటలకి మూడు పెట్టెలు. 'ఏ' లేకపోతే బి, సి కలిపి ఒకటి, తర్వాత డి, తర్వాత ఇ, ఇవేవీ లేని మాటలన్నిటికీ చివర ఒకటి. 'నోట్', 'టోన్' రెండింటికీ ఒకటే కార్డని చెబితే ఆ అమ్మాయికి నమ్మకం కుదరలేదు. నేను పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో కూడా పుస్తకాలు ఇంత బుద్ధిగా లేవన్నాను. అది అబద్ధం కాదు, నా బల్ల చూస్తే తెలుస్తుంది.

ఈ వారం జవాబుల జాబితా అందింది. డిక్షనరీతో సరిచూసి, టైపు చేసి పంపేశాను. 'ఎడ్యుకేషన్' అక్షరాల్లోంచి 'ఆక్షన్డ్', 'కాషన్డ్' కూడా పట్టుకున్నావు, నాకైతే తట్టేవి కావు. ఎన్ని వదిలేశావని ఎలాగూ అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. రెండు.

మోకాలు ఎలా ఉంది? ఆ మెట్లు రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతున్నావో నిజం రాయి.

నీ చీమ

----

ఫిబ్రవరి 11

చీమా,

అడగడానికి ముప్పై ఏళ్లు తీసుకున్నావు, జవాబు ఒక్క నిమిషం పని. ఒకే ఒక్కసారి కావాలని ఓడిపోయాను. ఆ రోజు నీకు జ్వరం బాగా ఎక్కువగా ఉంది, నవ్వించాలనిపించింది. నువ్వు నా కాగితం లాక్కుని చూశావు. "నీకు వచ్చిన మాటలు రాయకుండా దాచేశావు" అన్నావు. కాగితం నాలుగు ముక్కలు చేసి గోడవైపు తిరిగి పడుకున్నావు. మూడు రోజులు నాతో ఆడలేదు. నీకు గుర్తు లేదు, నాకు గుర్తుంది. ఓడిపోయి చూపించడమంటే ఎదుటి మనిషిని ఆటలోంచి గెంటేయడమేనని నాకు ఆ రోజు బోధపడింది. తొమ్మిదేళ్ల పిల్ల చేత చెప్పించుకున్నాను. మిగతావన్నీ నువ్వు గెలిచినవే, దర్జాగా ఉంచుకో.

మోకాలు ఉన్నచోటే ఉంది. నన్ను కదిలించాలని చూస్తున్నది మీ తమ్ముడు. పోయిన వారం వచ్చాడు. లిఫ్టులు బాగుచేసేవాడు కదా, ఏది చూసినా తాడు తెగి పడబోతున్నట్టే కనిపిస్తుంది వాడికి. నేను స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయానట. వేరే బస్సెక్కి ఊరి చివర దిగానట. చెప్పిందే చెబుతున్నానట. కడుపున పుట్టినవాడు కాబట్టి విన్నాను కానీ, ఎక్స్ఛేంజిలో అయితే మధ్యలోనే లైను కట్ చేసేదాన్ని. తన ఇంట్లో నాకు గది ఖాళీ చేశాడట. ఈ రెండు గదులూ వదిలేసి, పజిలు మానేసి, వాడి దగ్గర విశ్రాంతిగా ఉండాలట. ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల గొంతులన్నీ చెవిలో పెట్టుకుని పనిచేశాక, నాకు దొరికిన విశ్రాంతి ఈ గదుల్లోని నిశ్శబ్దం. ఫోన్ కూడా పెట్టించుకోనిది అందుకే. వాడికెలా చెప్పను?

ఇరవయ్యో తారీఖున డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు, నా బుర్ర పరీక్షించడానికి. పోనీలే అన్నాను. నా దగ్గర సాక్ష్యం ఉంది. గడిచిన ఏడాదిలో నువ్వు వారం వారం రాసిన అంకెలన్నీ గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాను. రెండు, ఒకటి, రెండు, మూడు, రెండు. నీటి మీద పడవలా నిలకడగా ఉంది. ముప్పై, నలభై మాటల్లో రెండే పోగొట్టుకునే మనిషికి మతిపోయిందని ఏ డాక్టరు అంటాడో నేనూ చూస్తాను.

కొత్త జాబితా ఇందులో పెట్టాను. ఎన్నో చెప్పు.

మెట్లు నాలుగుసార్లు. సరే, ఆరు.

పిన్ని

----

ఫిబ్రవరి 16 (రాశాను, పంపలేదు)

పిన్నీ,

రెండు కాదు. పదకొండు. 'ఎడ్యుకేషన్' వారం 'నోట్' వదిలేశావు. 'ట్యూన్' వదిలేశావు. 'యునైట్' వదిలేశావు. పెద్దపెద్దవన్నీ పట్టుకుని, పసిపిల్లలు చెప్పే మాటలు వదిలేస్తున్నావు. ఒక వారం 'హోమ్' లేదు. ఒక వారం 'సిస్టర్' లేదు. వాటిని నేనే పెన్సిల్‌తో పక్కన రాసి, కలిపి టైపు చేశాను.

పోయిన ఏడాది మొదట్లో ఒక జాబితాలో తొమ్మిది తగ్గాయి. నీకు జలుబుగా ఉందని రాశావు, అలసటేమో అనుకుని 'రెండు' అని రాశాను. తర్వాతి వారం పది. అప్పుడు నిజం రాస్తే, కిందటి వారం అబద్ధం కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. మళ్లీ 'రెండు' అన్నాను. అంతకుముందు సరిచూసిన కాగితం నీ దగ్గరికే తిరిగొచ్చేది, నువ్వే సిరాతో దిద్ది పేపరుకి పంపేదానివి. అప్పుడే వాళ్లు త్వరగా కావాలని తొందరపెట్టి నా దగ్గర నుంచే పంపమన్నారు. జవాబులు పేపర్లో వేయడం మాని నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. నువ్వు నెట్ చూడవు. అబద్ధానికి ఇన్ని సదుపాయాలు కుదురుతాయని నాకు తెలియదు.

నీ మనసు నొప్పించకూడదని చేశానని చెప్పుకుంటున్నాను. అందులో ఎంత నిజమో తెలియదు. అమ్మ పోయాక నాకు ఉత్తరం రాసే మనిషివి నువ్వొక్కదానివే. పజిలు ఆగితే కవర్లు ఆగుతాయి. నేను కాపాడింది నిన్నా, మంగళవారం మంగళవారం నా బల్ల మీదికొచ్చే కవరునా?

మూడు రోజులు నాతో ఆడలేదని నువ్వు రాశావు. ఆ పిల్ల నాకంటే నయం.

----

ఫిబ్రవరి 17

పిన్నీ,

జాబితా అందింది. పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేకపోతున్నాను. ఆ గీత గీసిన కాగితం డాక్టరుకి చూపించకపోతేనే మంచిదేమో. ఆయన పద్ధతి ఆయనకుంటుంది కదా, ఆయన అడిగినవాటికి నువ్వు జవాబు చెబితే చాలు. తమ్ముడు కంగారు మనిషే కానీ, నీ మంచికోరే అంటున్నాడు. ఒకసారి ఆలోచించు.

నీ చీమ

----

ఫిబ్రవరి 26

అమ్మాయ్,

నువ్వు రాసిన ఉత్తరాలన్నిటిలోకీ చిన్నది పోయిన వారానిది. ఎన్ని వదిలేశానో కూడా రాయలేదు. రాయనివాటికే బరువెక్కువ. మీ తమ్ముడు నీకు ఫోన్ చేశాడని నాకు తెలుసు. ఇద్దరూ ఒకటయ్యారన్నమాట. నా మంచి కోరేవాళ్లు ఎక్కువైపోయారు.

నీ ఉత్తరం చేరేసరికే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. నీ పెద్దరికం ఒక రోజు ఆలస్యమైంది. గళ్ల కాగితం చూసి ఆయన కళ్లజోడు పైకి ఎత్తాడు. ఇలాంటి జబ్బు మొదట్లోనే తెలిస్తే మందులతో కొన్నాళ్లు నిలబెట్టవచ్చట, అందుకే మీవాడు భయపడ్డాడు అన్నాడు. "కానీ అమ్మా, ఏడాదిపాటు ఇంత నిలకడగా ఉన్నవాళ్లకి ఆ పెద్ద పరీక్షలు ఇప్పుడు అక్కర్లేదు. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. మీ తమ్ముడి ముఖం చూడాలి అప్పుడు, లిఫ్టు మధ్య అంతస్తులో ఆగినట్టుంది.

ఇంకో సంగతి. వారానికి రెండు మాటల కోసం నిన్ను కష్టపెట్టడం ఎందుకని ఆలోచించాను. ఇక మీదట జాబితా నేనే నేరుగా పేపరుకి పోస్టు చేస్తాను. వచ్చే నెల పదిహేనో తారీఖు పజిలు నుంచి. ఆ అమ్మాయికి కార్డు కూడా రాసేశాను. రెండు తప్పులు పోతే పోయాయి, పాఠకులు పట్టుకుని ఉత్తరం రాస్తే ఆ మాటల్ని ఎప్పటిలాగే అలమారా తలుపు లోపల రాసుకుంటాను. పంతొమ్మిదేళ్లలో ఆ తలుపు మీద పదకొండు మాటలే ఉన్నాయి, పదమూడైతే కొంప మునగదు.

నీకు పని ఎక్కువగా ఉందని రాశావు కదా. తగ్గించాను.

పిన్ని

----

మార్చి 2

పిన్నీ,

దీన్ని కూర్చుని చదువు. కిందటి నెల పదహారున నీకు ఒక ఉత్తరం రాసి, డ్రాయర్లో పెట్టుకున్నాను. దాన్నే ఇందులో పెడుతున్నాను, ఒక్క మాట కూడా మార్చలేదు. నేను నీకు పంపిన అంకెలు చాలావరకు అబద్ధం.

ఏడాది పైచిలుకు జాబితాలు, నేను పెన్సిల్‌తో రాసినవాటితో సహా, జిరాక్స్ తీసి పంపుతున్నాను. మళ్లీ మళ్లీ పోయినవి ఒకసారే లెక్కేస్తే మొత్తం నాలుగు వందల పన్నెండు మాటలు. నువ్వు డాక్టరుకి చూపించిన గీత నీది కాదు. అది నేను గీసిన గీత. ఆయన దాన్ని చూసి పరీక్ష వాయిదా వేశాడు. నీ ఉత్తరంలో ఆ వాక్యం చదివాక, ఆ రోజే ఈ కాగితాలన్నీ బయటికి తీశాను.

తమ్ముడు నాతో మాట్లాడిన మాట నిజం. అమ్మ జాబితాలు నువ్వే చూస్తావు కదా, నిజం చెప్పక్కా అని అడిగాడు. వాడికీ రెండు అనే చెప్పాను. నీ మీద కుట్ర చేయడానికి కాదు, నా అబద్ధం బయటపడకుండా.

పదిహేనో తారీఖు జాబితా నేరుగా పంపకు. మిగతాది నువ్వేమన్నా పడతాను.

చీమ

----

మార్చి 9

ఉత్తరం అందింది. కాగితాలు అందాయి.

పదిహేనోదానికి జాబితా పంపడం లేదు. ఆరోగ్యం బాగాలేదని ఆదివారం పేజీ అమ్మాయికి చెప్పు. నువ్వు చెప్పే కారణాల్లో ఇదొక్కటైనా నిజమే అవ్వవచ్చు.

మీ అమ్మ చెల్లెలు

----

మార్చి 29

చీమా,

నీ మీద కోపం తగ్గలేదు. ఇది ముందే చెబుతున్నాను, మిగతాది చదివి తగ్గిందనుకుంటావు.

పది రోజులు ఆ జిరాక్సులు ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నాను. 'నోట్' లేదు. 'హోమ్' లేదు. 'రివర్' లేదు. నీ పెన్సిల్ గీతలు చూస్తుంటే, ఎవరో నా వీపు వెనక నిలబడి నా జడలో పేలు చూస్తున్నట్టు సిగ్గేసింది. పోనీ, పోయినవాటిని మళ్లీ సంపాదించుకుందామని, నాకు నేనే ఒక శిక్ష వేసుకున్నాను. నాలుగు వందల పన్నెండిటికీ కొత్త కార్డులు రాయాలి.

మొదలుపెట్టాను. అక్షరాలు వరుసలో పేర్చడం, నెత్తి మీద రాయడం. ఇ. ఇంకోటి, ఇ. ఇంకోటి, ఇ. అరవై కార్డులయ్యేసరికి కలం కింద పెట్టాను. ఒక్కదానిలోనూ 'ఏ' లేదు, బి లేదు, సి లేదు, డి లేదు. అన్నిటిలోనూ ఇ ఉంది. నేను 'ఆక్షన్డ్' పట్టుకున్నది తెలివి ఎక్కువై కాదు, అందులో 'ఏ' ఉంది కాబట్టి, 'ఏ' పెట్టెలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి. 'నోట్' పోయింది మతి పోయి కాదు.

లేచి అలమారా దగ్గరికెళ్లాను. ఇ అని రాసిన మూత తీశాను. లోపల నల్ల షూస్. మగవాళ్లవి, కొత్తవి, కాగితం చుట్టినవి.

పోయిన ఏడాది జనవరిలో గదులకి రంగు వేయించాను గుర్తుందా. అలమారా ఖాళీ చేసి పెట్టెలన్నీ నేల మీద పెట్టాం. మూతలు తుడవమని మీ తమ్ముడికే చెప్పాను. వాడు ఆ రోజే వీధి చివర కొట్లో షూస్ కొన్నాడు. నా పెట్టెలు కూడా ఆ కొట్టువే. మూతలు తారుమారు చేశాడు. నా మాటలు చంకన పెట్టుకుని వాడింటికి పోయాడు, వాడి షూస్ నా అలమారాలో పెట్టి.

ఎదురు మేడ దర్జీ ఫోన్ అడిగి తీసుకుని, పదేళ్లలో మొదటిసారి నేనే ఫోన్ చేశాను. వాడి షూస్ ఏమయ్యాయని అడిగాను. మంచి రోజుకి వేసుకుందామని అటక మీద పెట్టేశాడట. ఒక్కసారి కూడా తెరవలేదట. "బరువుగా ఉన్నాయి, మంచి తోలు అనుకున్నానమ్మా" అన్నాడు. ఇంగ్లీషు భాషలో సగం మోసుకుపోయి మంచి తోలు అనుకున్నాడు, నీ తమ్ముడు.

చాలా రోజుల తర్వాత నవ్వాను. దర్జీ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండా.

పెట్టె నీ దగ్గరికి తెస్తాడట. నా దగ్గరికి రావడానికి ముఖం చెల్లడం లేదట. కార్డులన్నీ ఉన్నాయో లేదో చూసి పంపు. లెక్క నిజం రాయి.

పిన్ని

----

ఏప్రిల్ 4

పిన్నీ,

తమ్ముడు నిన్న లైబ్రరీకి వచ్చాడు. పెట్టె నా బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అక్కా, అమ్మకి మతిమరుపని ఊరంతా చెప్పాను. పద్నాలుగు నెలలు నా షూస్ సంగతి నాకే గుర్తులేదు" అన్నాడు. ఇక గదీ వద్దు, డాక్టరూ వద్దు, అమ్మ ఎక్కడుంటానంటే అక్కడే ఉండనీ అన్నాడు. నా అబద్ధం సంగతి నువ్వు వాడికి చెప్పలేదని అప్పుడర్థమైంది. నేనే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "మనిద్దరం కలిసి అమ్మని బాగానే చూసుకున్నాం" అన్నాడు. అది కోపమో కాదో తెలియలేదు.

ఇ పెట్టెలో రెండు వేల నూట ఆరు కార్డులు. అన్నీ ఉన్నాయి. అంచులు కూడా నలగలేదు. ఇవాళే పార్సిల్ చేశాను.

నాకు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. మూడు రోజులుగా నడకే మారిపోయింది. ఇక్కడితో ఆపేసి సంతకం పెట్టేస్తే బాగుండేది. కానీ నీకు ఒకసారి మంచిమాటే రాసి ఏం చేశానో చూశాను, అందుకే అడుగుతున్నాను.

పిన్నీ, ప్రతి జాబితాకీ నువ్వు ఏడు పెట్టెలూ తెరుస్తావు. పద్నాలుగు నెలలు. ఆ మూత తీసినప్పుడు నీకేం కనిపించింది?

జవాబు రాయకపోయినా నేను మళ్లీ అడగను.

చీమ

----

ఏప్రిల్ 12

చీమా,

అడుగుతావని తెలుసు. మీ తమ్ముడు అడగలేదు, వాడి సంతోషంలో వాడున్నాడు. నువ్వు లెక్కలు సరిచూసేదానివి.

ఒకసారి తీసిన సంగతి గుర్తుంది. రంగు వాసన ఇంకా పోలేదు. మూత తీశాను, షూస్ ఉన్నాయి. వీడివి ఇక్కడ ఉండిపోయాయే, పంపాలి అనుకున్నాను. మూత పెట్టాను. తర్వాతి పెట్టె తీశాను. అంతే. ఇక్కడ ఉండాల్సినవి ఏమయ్యాయని నాకు తట్టలేదు.

ఆ ఒక్కసారే చూసి, ఇది షూస్ పెట్టె అని మనసులో పడిపోయి మిగతా వారాల్లో దాన్ని దాటేశానో, ప్రతి వారం తీసి, ప్రతి వారం వాడికి పంపాలనుకుని, ప్రతి వారం మూశానో నాకు తెలియదు. గుర్తు తెచ్చుకుందామని రెండు రోజులు కూర్చున్నాను. ఎక్కువసేపు ఆలోచిస్తే ఆ ఒక్కసారి కూడా నేను కల్పించుకున్నదేమో అనిపిస్తోంది.

ఇంకొకటి. పెట్టె లేకపోతే లేకపోయింది. 'నోట్' అనే మాటకి కార్డు ఎందుకు? అది నోట్లో ఉండాలి కదా. పెట్టెలు చూసుకుంటాయిలే అని నేను వెతకడం మానేశానా, వెతికినా దొరకలేదా? పంతొమ్మిదేళ్లు పెట్టెల్ని నమ్మినదానికి ఇది మామూలే అని దర్జీతో అన్నాను. ఆయన, "నేనూ అంతేనమ్మా, టేపు మెడలో వేసుకుని టేపు కోసం వెతుకుతాను" అన్నాడు. పెద్దమనిషి. కానీ ఆయన పద్నాలుగు నెలలు వెతకలేదు.

ఇది నీకు చెప్పాను, నువ్వు నాకు నిజం రాశావు కాబట్టి. వాడికి చెప్పాలా, డాక్టరుకి చెప్పాలా అంటే, నన్ను అడగకు. చెప్పమంటే భయం. వద్దంటే సిగ్గు. ఈ గదుల్లో నుంచి నన్ను తీసుకుపోతే మళ్లీ పజిలు చేయలేనని తెలుసు, మాటలు లేక కాదు, పక్కగదిలో నుంచి ఎవరో ఒకరు "అమ్మా, పడుకో" అంటుంటారు కాబట్టి.

పెట్టె అందింది. అలమారాలో పెట్టాను. మూత మీద అక్షరం కొత్తగా, పెద్దగా రాశాను. జాబితా ఇందులో ఉంది, అన్ని పెట్టెలూ చూసి చేసినదే. సరిచూసి, కాగితం మునుపటిలా నాకే తిప్పి పంపు. సిరాతో నేను దిద్దుకుంటాను. ఆలస్యమైతే ఆ అమ్మాయి ఆగుతుంది, ఆగకపోతే వేరేవాళ్లని చూసుకుంటుంది.

ఎన్ని?

పిన్ని

----

ఏప్రిల్ 21

పిన్నీ,

ఆరు.

మూడుసార్లు చూశాను. రెండుసార్లు మన డిక్షనరీతో, ఒకసారి లైబ్రరీలో ఉన్న పెద్దదానితో. ఆరే. పెన్సిల్‌తో పక్కన రాశాను, కాగితం ఇందులో ఉంది. ఆదివారం పేజీ అమ్మాయితో మాట్లాడాను, రెండు రోజులు ఆగుతానంది.

ఆ ఆరింటినీ నీ పద్ధతిలో పేర్చి చూశాను. రెండు 'ఏ' పెట్టెలవి, ఒకటి డి, రెండు ఇ, ఒకటి చివరిది. ఒకచోటు నుంచి పోయినవి కావు, అన్నిచోట్ల నుంచీ ఒకటీ అరా పోయాయి. రెండైతే ఎప్పుడూ ఉండేదే అని ఊరుకునేదాన్ని. పదకొండైతే ఈపాటికి తమ్ముడికి ఫోన్ చేసేదాన్ని. ఆరుతో ఏం చేయాలో తెలియడం లేదు. కోపంతో, సిగ్గుతో రెండు నెలలు గడిపిన మనిషి ఆరు మాటలు వదిలేయడం ఎక్కువా? నీ వయసులో నేను నలభై మాటల్లో ముప్పై వదిలేస్తాను, ఇప్పుడే వదిలేస్తాను. కానీ కొలవాల్సింది నాతో కాదు, నీతో.

నువ్వు ఆ మూత తీసి షూస్ చూసిన సంగతి లోకంలో నీ తర్వాత నాకొక్కదానికే తెలుసు. నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. నువ్వు తిప్పి పంపిన ఆ షూస్ తొడుక్కుంటే కరుస్తున్నాయట. అమ్మ కులాసాగా రాస్తోందా అని అడిగాడు. రాస్తోందన్నాను. అది అబద్ధం కాదు. ఫోన్ పెట్టేశాక డాక్టరు మాట గుర్తొచ్చింది, మొదట్లోనే తెలిస్తే అన్నది. ఒకసారి నీకు తెలియకుండా నీ తరఫున నిర్ణయం చేశాను, దాని ఖరీదు ఎంతో ఇంకా తెలియదు. ఇప్పుడు చెబితే మళ్లీ అదే పని చేసినట్టా? చెప్పకపోతే ఆ పనే కొనసాగించినట్టా? బల్ల మీద రెండు కాగితాలు పెట్టుకుని ఒకదాని మీద చెప్పడానికి కారణాలు, ఇంకోదాని మీద చెప్పకపోవడానికి కారణాలు రాశాను. రెండు కాగితాల మీదా మొదటి కారణం ఒకటే వచ్చింది, నీ మీద ప్రేమ అని. అందుకని రెండూ చించేశాను.

నీకు మాత్రం ఇక అంకె దాచను. ఏడైనా, పదిహేడైనా, ఎంతైతే అంత రాస్తాను. ఇంతవరకు నిశ్చయంగా చెప్పగలను. తమ్ముడికి, డాక్టరుకి చెప్పాలా వద్దా అన్నది ఇవాళ్టికీ తేల్చుకోలేదు పిన్నీ.

నీ అక్క కూతురు